బ్రౌజర్‌కు కన్నం పడితే

2018 ఫిబ్రవరి నడిమధ్యలో, ఐఫోన్లున్న తెలుగువాళ్ల చెవిన నమ్మాలో వద్దో తెలియని వార్త ఒకటి పడింది. ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఫోన్ కుప్పకూలుతోందట. ఆ అక్షరం 'జ్ఞా' లాంటిది. అది ఉన్న పేజీని తెరిస్తే సఫారీ మూతపడేది. వాట్సాప్‌లో వస్తే వాట్సాప్ మూతపడేది. నోటిఫికేషన్‌గా తెర మీదికి వచ్చిందా, ఫోన్ హోమ్ స్క్రీనే పడిపోయి మళ్లీ మొదటి నుంచి లేచేది. ఆకతాయిలు ఊరుకుంటారా? ట్విట్టర్‌లో తమ పేరు పక్కన దాన్ని తగిలించుకున్నారు. వైఫైకి అదే పేరు పెట్టినవాళ్లూ ఉన్నారు.

ఇందులో తెలుగు చేసిన పాపం ఏమీ లేదు. 'జ్ఞాపకం' అని మామూలుగా టైప్ చేస్తే ఏ ఫోనూ పడిపోలేదు. 'జ్ఞ'కూ దీర్ఘానికీ నడుమ, కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తును ఇరికిస్తేనే గొడవ. అక్షరాలను కలవనివ్వకుండా విడదీయడానికి వాడే ఆ గుర్తును అక్కడ పెట్టాల్సిన అవసరం తెలుగు రాసే ఎవరికీ రాదు. బ్రౌజర్ల మీద పనిచేసే మనీష్ గోరెగావ్‌కర్ అనే ఇంజినీరు ఆ కూర్పును విప్పి చూస్తే, బెంగాలీలోనూ దేవనాగరిలోనూ అలాంటివే కొన్ని అదే పని చేస్తున్నాయని తేలింది. తప్పంతా ఆపిల్ పరికరాల్లో అక్షరాలను పేర్చి తెర మీద గీసే 'కోర్‌టెక్స్ట్' అనే భాగానిది. వార్త గుప్పుమన్న కొద్ది రోజులకే, ఫిబ్రవరి 19న, ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది.

లోకమంతా నవ్వుకున్న ఈ సంగతిని ఆపిల్ తన భద్రతా ప్రకటనలో మాత్రం నవ్వులాటగా రాయలేదు. భద్రతా లోపాలకు ఇచ్చే నంబర్లలో దానికి సీవీఈ-2018-4124 అనే నంబరు ఉంది. కావాలని తయారుచేసిన అక్షరాల వరుసతో పరికరం మెమరీ పాడయ్యే అవకాశం ఉందని ఆ ప్రకటన సారాంశం. ఫోన్ కూలిపోవడం పైకి కనిపించే లక్షణం మాత్రమే. మెమరీ పాడైంది అంటే భద్రతా నిపుణులు ఉలిక్కిపడతారు. ఎందుకో తెలియాలంటే బ్రౌజర్ లోపల జరిగే పనిని కాస్త చూడాలి.

చాలామంది దృష్టిలో క్రోమ్ అంటే గూగుల్‌లో ఏదైనా వెతికే చోటు. అసలు అది చేసే పని, ముక్కూ మొహం తెలియని మనిషి ఎక్కడో కూర్చుని రాసిన ప్రోగ్రామును మన కంప్యూటర్లోకి దించి నడిపించడం. ఒక వార్తా పేజీ తెరిస్తే కోడు, బొమ్మలు, ఫాంట్లు, వీడియోలు, వాటి మధ్య ప్రకటనల కంపెనీలు పంపే ఇంకొంత కోడు అన్నీ దిగుతాయి. వాటన్నిటినీ అర్థం చేసుకుని తెర మీద పెట్టడానికి బ్రౌజర్‌కు కోట్ల వరుసల ప్రోగ్రాము కావాలి. అందులో చాలా భాగం సీ ప్లస్ ప్లస్ భాషలో రాసింది. ఆ భాషలో రాసిన ప్రోగ్రాము మెమరీలో వంద గడులు అడిగి తీసుకుని, పొరపాటున నూట ఒకటో గడిలో రాసినా అడిగేవాడు ఉండడు. ఆ నూట ఒకటో గడిలో వేరే సమాచారం ఉంటుంది. ఎక్కడ ఏం రాస్తే ఏం చెడుతుందో లెక్కగట్టి, ఆ చెడిపోవడాన్నే తన ఆజ్ఞగా మార్చుకోగలిగినవాడు దొరికితే, గోడకు కన్నం పడినట్టే. క్రోమ్‌లో బయటపడిన తీవ్రమైన లోపాల్లో సుమారు 70 శాతం ఇలాంటి మెమరీ పొరపాట్లేనని దాన్ని తయారుచేసే ఇంజినీర్లే 2020లో లెక్క చెప్పారు. అందుకే ఫైర్‌ఫాక్స్ చాన్నాళ్ల కిందటే, క్రోమ్ 2023 నుంచీ, ఇలాంటి పొరపాటును మొదట్లోనే పట్టేసే 'రస్ట్' భాషలో కొన్ని భాగాలను తిరగరాస్తున్నాయి. కోట్ల వరుసలు తిరగరాయడం ఒక తరం పని.

ఆ లోపు కన్నాలు పడుతూనే ఉంటాయి.

అలాంటి వాటిలో ఒకదాని కథ పూర్తిగా చెప్పుకోదగ్గది. 2023 సెప్టెంబర్ మొదలయ్యే సమయంలో, కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సిటిజన్ ల్యాబ్ పరిశోధకులు ఒక ఐఫోన్‌ను పరీక్షిస్తుంటే పెగాసస్ జాడ కనబడింది. ఆ ఫోన్ వాషింగ్టన్ కేంద్రంగా పనిచేసే ఒక పౌర సంస్థ ఉద్యోగిది. ఇజ్రాయెల్ కంపెనీ ఎన్‌ఎస్‌ఓ గ్రూప్ అమ్మే నిఘా సాఫ్ట్‌వేర్ పెగాసస్. 2021లో మన పార్లమెంటునే కుదిపేసిన పేరు. ఈసారి అది ఏ లింకూ నొక్కించలేదు, ఏ ఫైలూ తెరిపించలేదు. మెసేజ్‌తో పాటు వచ్చిన బొమ్మల్లో దాక్కుని లోపలికి చొరబడింది. ఆపిల్ సెప్టెంబర్ 7న తన ఫోన్లకు మందు వేసింది. దానికి ముందు రోజే ఆపిల్ భద్రతా బృందం, సిటిజన్ ల్యాబ్ కలిసి గూగుల్‌కు కబురు పెట్టాయి: వెబ్‌పి బొమ్మలను విప్పే మీ కోడులో లోపం ఉంది, చూసుకోండి.

వెబ్‌పి అంటే గూగుల్ 2010లో తెచ్చిన బొమ్మల ఫార్మాటు. జేపీజీ కన్నా తక్కువ బరువుతో అదే నాణ్యత ఇస్తుంది కాబట్టి వార్తల సైట్లు, షాపింగ్ సైట్లు ఎగబడి వాడుతున్నాయి. ఉగాదికీ సంక్రాంతికీ వాట్సాప్‌లో వచ్చి పడే స్టిక్కర్లు కూడా వెబ్‌పి బొమ్మలే. బరువు తగ్గించడానికి అది హఫ్‌మన్ కోడింగ్ అనే పాత పద్ధతిని వాడుతుంది. తరచుగా వచ్చే రంగుకు పొట్టి సంకేతం, అరుదుగా వచ్చేదానికి పొడుగు సంకేతం. బొమ్మను విప్పేటప్పుడు ముందుగా ఈ సంకేతాల పట్టిక కట్టాలి. ఆ పట్టిక ఎంత పెద్దదైనా ఇంతకు మించదు అని లెక్క వేసి, కోడు రాసినవాళ్లు అంత చోటు కేటాయించారు. లెక్క సరైనదే, బొమ్మ సరైనదైతే. సంకేతాల పొడవులను అడ్డదిడ్డంగా నింపిన దొంగ బొమ్మ వస్తే పట్టిక ఆ చోటు దాటి పక్క మెమరీలోకి పొర్లిపోయేది. బొమ్మ తప్పుడుదని ప్రోగ్రాము గుర్తించే సరికే రాత అయిపోయేది. యంత్రాల చేత ఏళ్ల తరబడి రాత్రింబవళ్లు తప్పుడు బొమ్మలు మింగించి పరీక్షించిన కోడది. అయినా ఇది వాటి కళ్లు గప్పింది.

గూగుల్ సెప్టెంబర్ 11న క్రోమ్ 116.0.5845.187ను విడుదల చేసింది. కబురు అందిన అయిదో రోజున. మర్నాడు ఫైర్‌ఫాక్స్ 117.0.1 వచ్చింది. ఎడ్జ్, బ్రేవ్, ఒపేరా వరుస కట్టాయి. ఒకరితో ఒకరు పోటీపడే కంపెనీలు ఇంత త్వరగా కదలడం చూస్తే ముచ్చటేస్తుంది గానీ, వెనకాల ఒక గందరగోళం జరిగింది. ఆ లోపానికి గూగుల్ తీసుకున్న నంబరు సీవీఈ-2023-4863. దాని వివరణలో 'గూగుల్ క్రోమ్' అని మాత్రమే ఉంది. అసలు లోపం ఉన్నది వెబ్‌పి బొమ్మలను విప్పే 'లిబ్‌వెబ్‌పి' అనే ఉమ్మడి కోడులో. సిగ్నల్ డెస్క్‌టాప్, పాస్‌వర్డులు దాచే 1పాస్‌వర్డ్ లాంటి ఎన్నో ప్రోగ్రాములు అదే కోడును కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాయి. 'మాది క్రోమ్ కాదు కదా' అనుకున్నవాళ్లు కొందరు ఆలస్యంగా మేలుకున్నారు. నెలాఖరులో అదే లోపానికి ఇంకో నంబరు, పదికి పది తీవ్రతతో, వేరుగా ఇచ్చారు. రెండూ ఒకటేనని తేలి రెండు రోజుల్లోనే రెండోదాన్ని రద్దు చేశారు.

ఇలాంటి సమయాల్లో గూగుల్ ప్రకటన చూసినవాళ్లకు ఒళ్లు మండుతుంది. లోపం ఉందని, దాన్ని దుర్మార్గులు ఇప్పటికే వాడుతున్నారని రెండు వాక్యాలుంటాయి. ఎవరు, ఎవరి మీద, ఎలా అన్నది ఒక్క ముక్క ఉండదు. ఎక్కువమంది అప్‌డేట్ చేసుకునేదాకా వివరాలు దాచిపెడతామని చెప్పి ఊరుకుంటారు. అది దాపరికమే, కానీ దానికి కారణం ఉంది. క్రోమ్‌కు పునాది అయిన క్రోమియం కోడు ఎవరైనా చూడగలిగేది. ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే కోడు, బయటికి రాగానే పాత కోడునూ కొత్త కోడునూ పక్కపక్కన పెట్టి తేడా చూస్తే కన్నం ఎక్కడుందో అనుభవమున్నవాడు పోల్చుకుంటాడు. అంటే మందు విడుదలైన రోజు నుంచే, దాన్ని వేసుకోనివాళ్లకు ప్రమాదం పెరుగుతుంది. మొదట్లో ఆ కన్నం సంగతి ఏ దేశపు నిఘా సంస్థకో, కోట్లు పోసి కొనుక్కున్న కంపెనీకో మాత్రమే తెలుసు. వాళ్లకు మన మండలంలోని టమాటా రైతుతో పనేముంది? ప్యాచ్ వచ్చాక అదే విద్య చిల్లర దొంగల చేతికి దిగుతుంది. వాళ్లకు మాత్రం అందరితోనూ పనే. ఈ ఎడం తగ్గించడానికే క్రోమ్ 2023 ఆగస్టు నుంచి భద్రతా అప్‌డేట్లను వారం వారం ఇస్తోంది.

మన దేశంలో ఈ హెచ్చరికలు జనానికి చేరవేసే బాధ్యత సెర్ట్-ఇన్‌ది. 2004 నుంచి పనిచేస్తున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఫలానా వెర్షన్‌కు ముందున్న క్రోమ్‌లో తీవ్రమైన లోపాలున్నాయి, అప్‌డేట్ చేసుకోండి అని పొడిపొడిగా ఒక నోటు ఇస్తుంది. అది టీవీ చానెల్ దాకా వచ్చేసరికి 'క్రోమ్ వాడుతున్నారా? అయితే మీ ఖాతా ఖాళీ!' అవుతుంది. వాట్సాప్ గ్రూపుకు చేరేసరికి 'వెంటనే క్రోమ్ డిలీట్ చేయండి' అవుతుంది. ఈ గోలలో అసలు విషయం పోతుంది. సెర్ట్-ఇన్ నోటు సాధారణంగా గూగుల్ ప్యాచ్ ఇచ్చాకే వస్తుంది. వార్త చూసి కంగారుపడే సమయానికి, నెట్ ఉన్న చాలా కంప్యూటర్లలో మందు దిగి కూర్చుని ఉంటుంది. దిగిన మందు పనిచేయాలంటే మాత్రం ఒక మనిషి ఒక బటన్ నొక్కాలి. కథ అడ్డం తిరిగేది ఆ బటన్ దగ్గరే.

మదనపల్లె, పుంగనూరు దగ్గర, కర్ణాటక సరిహద్దు పక్కనున్న రామసముద్రం లాంటి మండల కేంద్రంలో నెట్ సెంటరంటే ఒక జిరాక్స్ మిషను, లామినేషను, పాస్‌పోర్టు ఫొటోలు, రెండో మూడో కంప్యూటర్లు. షట్టరు ఎత్తింది మొదలు వాటిలో క్రోమ్ తెరిచే ఉంటుంది. ఒకాయనకు పొలం వన్-బీ కావాలి, ఒకామెకు ఆధార్ ప్రింటు, ఇంజినీరింగ్‌లో చేరాలనుకునే పిల్లకు ఈఏపీసెట్ హాల్ టికెట్. బ్యాంకు పాస్‌వర్డును నిర్వాహకుడికే చెప్పేసి టైప్ చేయించుకునే పెద్దవాళ్లూ ఉంటారు. ఊళ్లో సగం మంది గుట్టు ఆ ఒక్క బ్రౌజర్ గుండా పోతుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే ఆధార్ పీడీఎఫ్‌లు వరసగా కనిపిస్తాయి. ఎవరూ తుడిచిపెట్టరు, రేపు ఇంకో కాపీ అడుగుతారేమోనని.

ఆ క్రోమ్‌లో కుడి పక్క పైమూలన మూడు చుక్కలుంటాయి. అప్‌డేట్ దిగి పనిలోకి రావడానికి కాచుకుని ఉంటే అక్కడ రంగు మారుతుంది. వచ్చి రెండు రోజులు కూడా కాకపోతే ఆకుపచ్చ, నాలుగు రోజులైతే నారింజ, వారం దాటితే ఎరుపు. నెట్ ఖర్చు ఎప్పుడో అయిపోయింది, ఫైలు హార్డ్ డిస్కులోనే ఉంది. అయినా క్రోమ్‌ను మూసి మళ్లీ తెరిచేదాకా, అంటే 'రీలాంచ్' నొక్కేదాకా, నడుస్తున్నది కన్నమున్న పాత క్రోమే. ఎదురుగా సగం నింపిన దరఖాస్తు ఉంటుంది. రీలాంచ్ చేస్తే లాగిన్ పోయి ఓటీపీ మళ్లీ అడగొచ్చు. ఇన్‌కాగ్నిటోలో తెరిచిన పేజీలైతే తిరిగి రానే రావు. వెనకాల నిలబడ్డాయన "బస్సుకు టైమైపాయ అన్నా, బిరబిరా తీసియ్యి" అంటుంటాడు. ఎరుపు ఎరుపుగానే ఉండిపోతుంది. రాత్రి కంప్యూటర్ పూర్తిగా ఆపేసి పోయే షాపుల్లో ఈ బెడద చాలామటుకు తీరిపోతుంది, పొద్దున తెరిచేది కొత్త క్రోమే కాబట్టి. మానిటరు ఒక్కటే కట్టేసి పోయేచోటే వారాలు గడుస్తాయి.

ఈ జాప్యం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 2002లో హెచ్‌పీ కంపెనీ, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి కుప్పంలో 'ఐ-కమ్యూనిటీ' పేరుతో మూడేళ్ల ప్రాజెక్టు మొదలుపెట్టాయి. పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచారు, కుప్పం కోసమే ఒక పోర్టల్ నడిపారు. వెబ్ పేజీ అంటే ఏమిటో ఎందరో మొదటిసారి చూసింది అక్కడే. ఆ రోజుల్లో ప్రపంచంలో పదిమందిలో తొమ్మిది మందికి పైగా వాడిన బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్. దాని ఆరో వెర్షన్ 2001లో వచ్చింది, తర్వాత కన్నాలకు చిరునామాగా మిగిలింది. మైక్రోసాఫ్ట్ 2004 ఆగస్టులో విండోస్ ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ 2 ఇచ్చి గోడలు కాస్త గట్టిపరిచింది. దాని పూర్తి ఫైలు 266 మెగాబైట్లు. టెలిఫోను తీగ మీద డయలప్‌తో దించుకోవాలంటే, లైను తెగకుండా పూర్తి వేగంతో వచ్చినా, పది గంటలకు పైమాటే. కరెంటు అన్ని గంటలు ఉండాలి, ఫోను బిల్లు కట్టే దమ్ముండాలి. మందు అమెరికాలో సిద్ధం, ఇక్కడికి రావడానికి దారే లేదు. కంప్యూటర్ పత్రికలతో వచ్చే సీడీలే చాలామందికి దిక్కయ్యాయి.

పదేళ్లు గడిచాక అదే ఎక్స్‌ప్లోరర్ ఒక తెలుగువాడి మెడకు చుట్టుకుంది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన, అనంతపురం జిల్లా బుక్కాపురం మూలాలున్న సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరి 4న మైక్రోసాఫ్ట్ పగ్గాలు అందుకున్నారు. ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకి కంపెనీ శాశ్వతంగా సెలవిచ్చింది, ఇకపై ప్యాచ్‌లు ఉండవని. సరిగ్గా 18 రోజులకు, ఏప్రిల్ 26న, ఎక్స్‌ప్లోరర్ 6 నుంచి 11 దాకా అన్ని వెర్షన్లలోనూ ఒక ఘోరమైన లోపం బయటపడింది. ఫైర్‌ఐ అనే భద్రతా సంస్థ పట్టుకునే సరికే దాన్ని వాడి దాడులు జరుగుతున్నాయి. మందు ఇంకా లేదు. అమెరికా, బ్రిటన్ ప్రభుత్వ సైబర్ సంస్థలు, ప్యాచ్ వచ్చేదాకా వేరే బ్రౌజర్ వాడుకోండి అని సలహా ఇచ్చాయి. సలహా బాగానే ఉంది. 'ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే తెరుచుకుంటుంది' అని రాసి ఉన్న ఆఫీసు పోర్టల్‌తో రోజూ పనిచేసే గుమాస్తా ఏ వేరే బ్రౌజర్‌కు పోతాడు?

మే 1న మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది, నెలనెలా ఇచ్చే మంగళవారం దాకా ఆగకుండా. చనిపోయిందని మూడు వారాల కిందట ప్రకటించిన ఎక్స్‌పీకి కూడా ఇచ్చింది. ఆ నిర్ణయాన్ని అప్పట్లో కొందరు నిపుణులు తప్పుపట్టారు. ఇలా అయితే ఎక్స్‌పీని ఎవరు వదులుతారు అని వారి వాదన. వారి మాటలో నిజం లేకపోలేదు. మన ఏటీఎంలే సాక్షి. వాటిలో విండోస్ ఎక్స్‌పీ తీసేసి, కంపెనీ అండ ఉన్న సిస్టమ్‌కు మారడానికి రిజర్వ్ బ్యాంకు 2018 జూన్‌లో గడువులు పెట్టాల్సి వచ్చింది. ఆఖరి గడువు 2019 జూన్. ఎక్స్‌పీ పోయిన అయిదేళ్లకు!

మందు ఉండీ వేసుకోకపోతే ఏమవుతుందో చిత్తూరు జిల్లా కళ్లారా చూసింది. 2017 మే 12న వనాక్రై అనే వైరస్ ప్రపంచాన్ని చుట్టేసింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బులు అడిగే రకం. అది వచ్చింది బ్రౌజర్ దారిన కాదు, విండోస్ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఫైళ్లు పంచుకునే దారిన. మన రాష్ట్రంలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. దానికి విరుగుడు ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. మధ్యలో ఉన్నవి 59 రోజులు.

ఇప్పుడు అదే చిక్కు ఇంకో రూపంలో ఉంది. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14తో మద్దతు ఆపేసింది. గూగుల్ ఇంకొంత కాలం ఓపిక పట్టి, 2023 ఫిబ్రవరిలో క్రోమ్ 110 నుంచి విండోస్ 7ను వదిలేసింది. అలాంటి కంప్యూటర్లలో క్రోమ్ 109 దగ్గర బండి ఆగిపోయింది. వెబ్‌పి కన్నం బయటపడింది అదే ఏడాది సెప్టెంబర్‌లో. పాత కంప్యూటర్లో మూడు చుక్కల దగ్గర ఎరుపు రంగు రాదు, దించుకోవడానికి కొత్తదేదీ లేదు కాబట్టి. ఆ చుక్కలనే చూసేవాళ్లకు అంతా క్షేమంగానే కనిపిస్తుంది. అలాంటి మిషనును ప్రింట్లకూ స్కానింగ్‌కూ ఉంచుకోవచ్చు, తప్పులేదు. బ్యాంకు పనులకూ ఆధార్ పనులకూ దాన్ని వాడటం ప్రమాదం. పాత సిస్టమ్‌ల కోసం ఫైర్‌ఫాక్స్ 115 అనే దీర్ఘకాలిక వెర్షన్‌కు మొజిల్లా గడువు పొడిగిస్తూ వచ్చింది, అదీ ఎల్లకాలం ఉండేది కాదు. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు అయిపోయింది. ఉపాయం తెలిసినవాళ్లు పాత మిషన్లలో లైనక్స్ వేసుకుంటున్నారు. మిగతావాళ్లకు కొత్త కంప్యూటర్ ఖర్చే.

ఊళ్లో ఎక్కువమందికి కంప్యూటరే లేదు, ఫోనే బ్రౌజర్. మదనపల్లె మార్కెట్లో టమాటా ధర చూసుకునేదీ, బ్యాంకు యాప్ తెరిచేదీ అందులోనే. ఆండ్రాయిడ్‌లో క్రోమ్ ఒక్కటే కాదు, దాని తోబుట్టువు 'ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ' కూడా ఉంటుంది. ఏదైనా యాప్ తన లోపలే వెబ్ పేజీ చూపిస్తే దాన్ని గీసేది సాధారణంగా వెబ్‌వ్యూనే. రెండూ ప్లే స్టోర్ నుంచే అప్‌డేట్ అవుతాయి. చాలా ఫోన్లలో వైఫై ఉన్నప్పుడే యాప్‌లు వాటంతట అవి అప్‌డేట్ అయ్యే సెట్టింగ్ ఉంటుంది. రోజుకు ఒకటిన్నర జీబీ రీఛార్జి మీద బతికే ఇంట్లో వైఫై ఎక్కడిది? పైగా గుడ్ మార్నింగ్ బొమ్మలతో ఫోన్ నిండిపోయి 'స్థలం లేదు' అంటుంది. వారానికోసారి ప్లే స్టోర్ తెరిచి, ఆ రెండింటినీ చేత్తో అప్‌డేట్ చేసుకుంటే సరిపోయే పని అది. ఐఫోన్లో సంగతి వేరు. మన దేశంలో అందులో ఏ బ్రౌజర్ పెట్టుకున్నా లోపల పనిచేసేది ఆపిల్ ఇంజినే. అందువల్ల మందు ఐఓఎస్ అప్‌డేట్‌తోనే వస్తుంది.

హెచ్చరిక రాగానే క్రోమ్ తీసేసి ఎడ్జ్‌కో బ్రేవ్‌కో మారిపోయేవాళ్లు ఒక సంగతి మరుస్తారు. అవి కూడా క్రోమియం మీద కట్టినవే. కన్నం క్రోమియంలో ఉంటే అన్నిట్లోనూ ఉన్నట్టే, వాటికీ అప్‌డేట్ కావాలి. ప్యాచ్ ఇంకా రాలేదంటే మాత్రం, వేరే ఇంజినుతో నడిచే ఫైర్‌ఫాక్స్ లాంటిదానికి కొన్నాళ్లు మారడంలో అర్థముంది. ప్యాచ్ వచ్చేసిందంటే మూడు చుక్కలు నొక్కి, 'సహాయం'లో 'గూగుల్ క్రోమ్ గురించి' తెరవాలి. అది తనంతట తానే వెతుక్కుని దించుకుంటుంది. చేతిలో ఉన్న దరఖాస్తు సేవ్ చేసుకుని రీలాంచ్ నొక్కాలి. మనం చేయాల్సిందల్లా ఇంతే.

అప్‌డేట్ అంటే భయపడేవాళ్లను వెక్కిరించడం తేలిక. వాళ్ల భయానికి ఆధారాలున్నాయి. 2021 మార్చిలో వెబ్‌వ్యూకు వచ్చిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్లే ప్రపంచమంతటా ఆండ్రాయిడ్ ఫోన్లలో జీమెయిల్ సహా ఎన్నో యాప్‌లు తెరుచుకోగానే మూసుకుపోయాయి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన అప్‌డేట్ సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను నీలి తెరతో నిలబెట్టింది. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికుల చేతికి పెన్నుతో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. అది బ్రౌజర్ అప్‌డేట్ కాదు గానీ, 'పనిచేస్తున్నదాన్ని కెలకడమెందుకు' అనేవాళ్ల నోటికి అంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. ఇలాంటి ముప్పు తప్పించడానికే గూగుల్ కొత్త క్రోమ్‌ను అందరికీ ఒకేసారి పంపదు. మొదట కొద్దిమందికి పంపి, ఏమీ కాలేదని చూసుకుని, రోజుల తరబడి మిగతావారికి విడతలుగా వదులుతుంది. 'గురించి' పేజీ తెరిచి చూసినవాళ్లకు తమ వంతు దాకా ఆగకుండా దొరుకుతుంది.

దొంగలు ఈ భయాన్నీ ఈ తొందరనూ రెండింటినీ సొమ్ము చేసుకుంటారు. 'మీ క్రోమ్ పాతబడింది, ఇక్కడ నొక్కి అప్‌డేట్ చేయండి' అని అచ్చం గూగుల్ పేజీలా కనిపించే తెర చూపించి వైరస్ దించడం సాక్‌గోలిష్ అనే మాల్‌వేర్‌తో ఒక ముఠా చాన్నాళ్లుగా నడుపుతున్న వ్యాపారం. హ్యాక్ అయిన మామూలు వెబ్‌సైట్ల మీదే ఆ తెర కనబడుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఇంకో దారి ఉంది. ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్, బ్యాంకు కేవైసీ పేర్లతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు వస్తాయి. ఇన్‌స్టాల్ చేస్తే ఎస్సెమ్మెస్‌లు చదివి ఓటీపీలు ఎత్తుకెళ్తాయి. క్రోమ్ అప్‌డేట్ వెబ్ పేజీలో ఎగిరొచ్చే డబ్బాలో రాదు, వాట్సాప్‌లో రాదు, ఎవరో ఫోన్ చేసి చెబితే రాదు. కంప్యూటర్లో మూడు చుక్కల దగ్గర, ఫోన్లో ప్లే స్టోర్‌లో తప్ప ఇంకెక్కడా నొక్కకూడదు. ఇప్పటికే నొక్కేసి, ఖాతాలోంచి డబ్బు కదిలినట్టు మెసేజ్ వస్తే, నెట్ ఆపేసి వేరే ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయాలి. డబ్బు దొంగ ఖాతాలోంచి ఇంకో ఖాతాకు దాటకముందే ఫిర్యాదు నమోదైతే దాన్ని మధ్యలోనే నిలిపివేసే వీలుంటుంది. ఆ తర్వాత బ్యాంకుకు చెప్పి కార్డునూ నెట్ బ్యాంకింగ్‌నూ ఆపించాలి, పాస్‌వర్డులు ఆ ఫోన్లో కాక ఇంకో ఫోన్లో మార్చుకోవాలి.